ఎనిమిదో రోజు వెన్న

బజారు రోజు తెల్లవారుజామున మా తాత ఎడమ చేతి మణికట్టు వెనక భాగాన్ని శనగపిండితో రుద్ది కడుక్కునేవాడు. ఇక సాయంత్రం దాకా ఆ చెయ్యి దేన్నీ తాకకూడదు. పొగాకు ముట్టదు, ఉల్లిగడ్డ ముట్టదు. పూజలో కర్పూరం కూడా కుడిచేత్తోనే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తాతకు అమ్మడానికి తెచ్చే వెన్న మంచిదో కాదో ఆ చేతి మీదే తేలాలి.

మాది నాయ్‌గావ్. నాందేడ్ నుంచి వస్తుంటే నర్సీ చౌరస్తాకు ఇవతల ఉంటుంది. నర్సీ దగ్గర ఒక దారి దెగ్లూరు మీదుగా హైదరాబాద్‌కు, ఇంకొకటి బిలోలి మీదుగా బోధన్‌కు చీలుతుంది. ఉత్తరాన గోదావరి, తూర్పున మంజీర. రెండూ కందకుర్తి దగ్గర కలుస్తాయి. 1948 దాకా మాది నిజాం రాజ్యం, 1956 నవంబర్ 1 దాకా హైదరాబాద్ రాష్ట్రం, తర్వాత మూడున్నరేళ్లు బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. మా అవ్వ ఈ నాలుగింటినీ అదే పొయ్యి ముందు కూర్చుని చూసింది. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, కాగితాల్లో చాలాకాలం ఉర్దూ. వెన్న ఇంట్లో వెన్న, అరుగు మీదికి వస్తే లోణీ. నెయ్యి లోపల నెయ్యి, బయట తూప్. పాడైనదానికి మాత్రం ఇంటా బయటా ఒకటే మాట, ఖవట్. తెలుగులో కనరు ఉంది, మక్కు ఉంది. అయినా మా ఇంట్లో ఆ మాటలు వాడేవాళ్లు కాదు. ఖవట్ అంటే వాసన ఒక్కటే కాదు, ధర కూడా. ఆ మాట తాత నోట వచ్చిందంటే సేరుకు ఇంత అని తగ్గిపోయినట్టే.

వెన్న తెచ్చేవాళ్లు దాన్ని చిన్న మట్టి కుండలో సల్ల పోసి, అందులో ముంచి, పైన మోదుగాకు కప్పి తెచ్చేవాళ్లు. తాత ముద్దను అరచేతిలోకి తీసుకుని తడి దారంతో నడిమికి కోసేవాడు. బర్రె వెన్న తెలుపు. సల్లలో మునగకుండా గాలి తగిలిన పైపొర మాత్రం పాతబడే కొద్దీ పసుపు తిరిగి, మైనంలా నిగనిగలాడుతుంది. ఆ పసుపు అంచు ఎంత మందాన లోపలికి దిగిందో చూసి, ముద్దలో అన్నిటికంటే పాత వెన్న ఎన్నాళ్లదో చెప్పేవాడు. తరవాత లోపలి నుంచి ముత్యమంత తీసి మణికట్టు వెనక రుద్దుకునేవాడు. ఒంటి వేడికి అది కరిగి జారేది. వెంటనే ఒకసారి వాసన చూసేవాడు. చెయ్యి దించి, ఇంకొకరి కుండ దించి, వాళ్లతో వానల సంగతి మాట్లాడి, మళ్లీ చెయ్యి ఎత్తి రెండోసారి చూసేవాడు.

"మొదటి వాసన సల్లది బిడ్డా, రెండోదే వెన్నది," అని నాకు చెప్పేవాడు. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు.

ఈ ఒక్క మాటలో ఎంత విద్య ఉందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పులుపు వేరు, కనరు వేరు. పెరుగు చిలికి తీసిన వెన్నలో కొంత సల్ల ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అది పులుస్తుంది, ముక్కుకు ముందు తగిలేది అదే. చన్నీళ్లలో నాలుగుసార్లు పిసికి కడిగితే ఆ పులుపు పోతుంది, వెన్నకు ఏ నష్టమూ లేదు. కొవ్వే విరిగితే వచ్చే వాసన అలా కాదు. అది చర్మానికి అంటుకుని, సల్ల ఆరిపోయాక కూడా నిలుస్తుంది. నాలుక మీద వేసుకుంటే రుచి కంటే ముందు గొంతు గీరుకుంటుంది. కడిగినా పోదు, కాచినా పూర్తిగా పోదు. తమలపాకు వేసి, మునగాకు వేసి కాచి కప్పిపుచ్చుదామనుకున్న నెయ్యి నెల తిరిగేసరికి తన సంగతి తానే చెప్పేస్తుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. మా వైపు పశువు గురించి ముందు ఒక మాట చెప్పాలి. మా జిల్లాలో పేరున్న ఆవు లాల్ కంధారి. ఎర్రటి అందమైన జాతి, కానీ అది దుక్కికి పుట్టింది, పాలకు కాదు. వెన్న అంటే మరాఠ్వాడా బర్రె. మెట్ట మేత మీద అది పూటకు లీటరు, మహా అయితే లీటరున్నర ఇచ్చేది. అందులో పిల్లలకు పోను, చాయ్‌కి పోను, తోడు పెట్టడానికి లీటరున్నర మిగిలితే గొప్ప. దాన్ని చిలికితే నూరు గ్రాముల వెన్న. బజారు వారానికి ఒక్కసారి. ఈ బజారు నుంచి ఆ బజారుకు, రెండు రోజులూ కలిపితే, ఎనిమిది రోజులు కూడబెట్టినా ఎనభై తులాల సేరు నిండదు.

మరి ఏ రోజు వెన్న ఆ రోజే కాచి నెయ్యి చేసుకోవచ్చు కదా అని నేను అడిగాను. అవ్వ నవ్వింది. చారెడు వెన్న కాస్తే కుండే సగం తాగుతుంది, దానికి పెట్టిన పిడకల ఖర్చు కూడా రాదు. నాలుగు బర్రెలున్న ఇల్లు రోజు విడిచి రోజు నెయ్యి కాచుకుంటుంది, నెయ్యే అమ్ముతుంది. వాళ్లకు పాత వెన్న అన్న మాటే లేదు. ఒక్క బర్రె ఉన్న ఇల్లు వెన్నను దాచాలి. దాస్తే పాతబడుతుంది, పాతబడితే ఖవట్. వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఊరంతా తిరిగినట్టు అని మనకు సామెత. ఒంటి బర్రె ఇంట్లో వెన్న చేతిలోనే ఉండేది, నెయ్యి మాత్రం అందేది కాదు. ఖవట్ అని తాత ధర కోసినప్పుడల్లా ఆ కోత పడింది వీళ్ల మీదే. తాత తూకంలో మోసం చెయ్యలేదు, వాసనలో అబద్ధం చెప్పలేదు. అయినా ఆ ధర న్యాయమైనది కాదని నేను ఇవాళ గట్టిగా అనుకుంటున్నాను.

దాచడంలో మా ఆడవాళ్లు చెయ్యని ప్రయత్నం లేదు. మే నెలలో మా దగ్గర 43 డిగ్రీలు మామూలు. 35 డిగ్రీలు దాటితే వెన్న నిలబడదు, మధ్యాహ్నానికి కుండలో నూనెలా తేలుతుంది. అందుకని చుక్క పొడవకముందే చిలికేవాళ్లు, ఎండాకాలం కవ్వం కిందికి చల్లటి నీళ్లు, చలికాలం గోరువెచ్చటి నీళ్లు పోసి. వచ్చిన వెన్నను సల్లలో ముంచి నీళ్ల బాన పక్కన తడి ఇసుకలో కుండ దింపేవాళ్లు. పైన తడిగుడ్డ. రోజూ పాత సల్ల పారబోసి కొత్తది పోసేవాళ్లు. పిల్లి భయం, చీమల భయం ఉన్నచోట ఉట్టి మీద పెట్టేవాళ్లు, దాన్నే మరాఠీ ఇళ్లలో శింకే అంటారు. అవ్వ ఇంకో నియమం పెట్టుకుంది. కొత్త వెన్నను పాత ముద్ద మీద వెయ్యదు. పాత ముద్దను తీసి, కడిగి, పిసికి, కొత్తదాన్ని అడుగున పెట్టి, పాతదాన్ని పైన పెడుతుంది. పైకి తేలే భాగమే ముందు పాడవుతుంది కాబట్టి, పాడయ్యేదేదో ఇప్పటికే పాతదే కావాలని ఆమె లెక్క.

ఇంకా పెద్ద రక్ష దాలిగుంటలో ఉంది. మనం పాలను పచ్చిగా చిలకము. పిడకల మీద పొద్దంతా సన్నగా కాగి, ఎర్రటి మీగడ కట్టిన పాలను తోడు పెడతాం. పచ్చిపాలలోనే కొవ్వును విరిచే పదార్థం ఒకటి ఉంటుంది, లైపేజ్ అంటారు. కాగితే అది చచ్చిపోతుంది. తోడుతో వచ్చే పులుపు చెడ్డ సూక్ష్మజీవులను కొంత ఆపుతుంది. పచ్చి మీగడ నుంచి వెన్న తీసే దేశాలు ఉప్పును నమ్ముకున్నాయి, మనం దాలిని నమ్ముకున్నాం.

ఐర్లండ్‌లో కార్క్ అనే రేవుపట్నంలో 1770 ప్రాంతంలో వెన్న బజారు ఒకటి మొదలైంది, 1924 దాకా నడిచింది. ఉప్పు కలిపిన వెన్న చెక్క పీపాల్లో అక్కడికి వచ్చేది. పరీక్షకుడు పీపా అడుగుదాకా బోలు ఊచ దించి, పైకి లాగి, అందులో వచ్చిన వెన్నను ముక్కుతో చూసి, ఒకటో రకం, రెండో రకం అని ముద్ర కొట్టేవాడు. ఊచ అడుగుదాకా ఎందుకంటే చిన్న రైతు పీపా ఒక్క రోజులో నిండదు, పొరకో వయసు ఉంటుంది. ఇది చదివినప్పుడు నాకు తాత దారం గుర్తొచ్చింది.

కొన్న వెన్నను ఆ రాత్రే కాచేవాళ్లం. ఈ పని అవ్వది. పెద్ద ఇత్తడి గుండిగ, లోపల కళాయి. కళాయి లేకుండా ఇత్తడిలో, రాగిలో నెయ్యి ఉంటే ఆ లోహం తగిలి తొందరగా కనరెక్కుతుంది, అందుకే కళాయి వేసేవాడు ఊళ్లోకి వస్తే మొదటి పిలుపు మాదే. వెన్న కరిగి, తెల్ల నురుగు లేచి, చిటపట మొదలవుతుంది. వెన్నలో ఆరో వంతు నీళ్లే, ఇంటి వెన్నలో ఇంకా ఎక్కువ. ఆ నీళ్లు పోతున్న చప్పుడే చిటపట. నురుగు విరిగి, బుడగలు చిన్నవై, చప్పుడు పలచబడి, ఒక ఘడియలో ఆగిపోతుంది. అడుగున గసి లేత గోధుమ రంగుకు వస్తుంది. మా పిల్లలం దానికోసమే మేలుకుని ఉండేవాళ్లం, బెల్లం కలుపుకుని తినడానికి. మరాఠీ పిల్లలు దాన్ని బేరి అనేవాళ్లు. అవ్వ ఆ ఆఖరి ఘడియలో ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. పొయ్యి దగ్గర కళ్లు మూసుకుని వినేది.

ఆ నియమం ఒక నష్టం నుంచి వచ్చింది. నేను పుట్టకముందు ఒక వానాకాలం, బండి బయల్దేరబోతోందని తాత తొందరపెట్టాడు. కట్టెలు తడివి, మంట సరిగా లేదు. చప్పుడు పూర్తిగా ఆగకముందే అవ్వ గుండిగ దించి, వేడివేడిగా డబ్బాలో పోసి మూత అతికించేసింది. నెల తర్వాత హైదరాబాద్‌లో ఒక దుకాణం ఆ డబ్బాలు తిప్పి పంపింది. మూత కోస్తే వాసన వాకిలి దాకా వచ్చిందట. ఒక డబ్బాను అడుగుదాకా ఒంపి చూస్తే, పేరిన నెయ్యి కింద తెల్లటి నీటి చుక్కలు. తాత అవ్వను ఒక్క మాట అనలేదు, తొందరపెట్టింది తనేనని ఒప్పుకున్నాడు. ఆ నెయ్యి దేవుడి దీపాలకు, ఎద్దుల మెడ పుండ్లకు పోయింది.

దీపం అంటే గుర్తొచ్చింది. ద్రాక్షారామం వంటి గుళ్ల శాసనాల్లో అఖండ దీపానికి దానాలు కోకొల్లలు. ఏభై గొర్రెలో, ఇరవై అయిదు ఆవులో ఒక బోయకు అప్పగిస్తారు. అతను, అతని తర్వాత అతని కొడుకులు, గుడికి రోజూ మానెడు నెయ్యి పొయ్యాలి. ఆ గొర్రెలకు ఇనుప ఎడ్లు అని పేరు, ఎన్నటికీ తరగనివి అని అర్థం. ఆ లెక్క కట్టినవాళ్లకు విషయం తెలుసు. ఒక్క గొర్రె ఇచ్చి రోజూ నెయ్యి అడగలేదు. మంద ఇచ్చారు. రోజూ కాచగలిగేంత వెన్న రోజూ రావాలంటే ఎన్ని పశువులు కావాలో రాతి మీద చెక్కారు.

నెయ్యి దూరం పోయిన కథ ఇంకా పాతది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన పెరిప్లస్ అనే ఓడల పుస్తకం, మా గోదావరికే ఎగువనున్న పైఠణ్‌ను, తగర అన్న పేరుతో తేర్‌ను చెబుతుంది. పడమటి తీరం నుంచి ఆఫ్రికా ఒడ్డుకు పోయే సరుకుల్లో గోధుమ, బియ్యం, నువ్వుల నూనెతో పాటు వెన్న పేరు కూడా రాస్తుంది. అది నెయ్యే అని పండితులు చెబుతారు. కాచని వెన్న ఆ ఎండలో, ఆ సముద్రం మీద అంత దూరం చేరదని మా అవ్వ కూడా చెప్పగలిగేది.

దేంట్లో పోసి పంపేవాళ్లు? తెలుగులో సిద్దె అని ఒక మాట ఉంది, ఇప్పటి పిల్లలకు తెలియదు. పచ్చి తోలును కుండ ఆకారంలో ఎండబెట్టి గట్టిపరచిన పాత్ర, నూనెకూ నేతికీ. దక్కన్‌లో తిరిగిన ఇంగ్లీషువాళ్లు ఇలాంటి బర్రె తోలు పాత్రను డబ్బర్ అని రాసుకున్నారు. మా అటక మీద ఒక సిద్దె ఉండేది, మూతి దగ్గర చిట్లి, గుమ్మడికాయంత. ఏళ్లనాటి వాసన దాన్ని వదల్లేదు. తోలు ఎంత కడిగినా పాత నెయ్యిని దాచుకుంటుంది, కొత్త నెయ్యికి ఆ కనరు అంటిస్తుంది. 1901 నాటికి హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు గోదావరి లోయ రైలు వచ్చింది. ఉమ్రీ, ధర్మాబాద్ స్టేషన్లు మా జిల్లాలోకి లోకాన్ని తెచ్చాయి, దానితో పాటే కిరసనాయిలు డబ్బాలను. ఖాళీ డబ్బాను సున్నపు నీళ్లతో, బూడిదతో కడిగి నెయ్యికి వాడుకోవడం మొదలైంది. తగరపు మూత అతికితే గాలి చొరదు. సిద్దెలు అటకెక్కాయి.

వాసనకు కారణం కనిపెట్టింది మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. కొవ్వుల మీద ఏళ్ల తరబడి పనిచేసి 1823లో పుస్తకం వేశాడు. వెన్నలో ఒక ఆమ్లం ఉందని తేల్చి, దానికి వెన్న పేరే పెట్టాడు, బ్యుటిరిక్ ఆమ్లం. కొవ్వులో కట్టుబడి ఉన్నంతకాలం దానికి వాసన లేదు. నీటి చుక్క, సూక్ష్మజీవి చేరి ఆ కట్టు విప్పితే కంపు. అవ్వ కళ్లు మూసుకుని విన్నది ఆ నీటి చుక్క కోసమే. ఇందులో నన్ను కదిలించే సంగతి ఇంకొకటుంది. నెయ్యి అసలుదో కాదో తేల్చే ప్రయోగశాల పరీక్షల్లో ముఖ్యమైనది రైషర్ట్-మైస్సల్ సంఖ్య, అది కొలిచేది ఈ జాతి ఆమ్లాలనే. పాడైతే పట్టిచ్చేవీ ఆ ఆమ్లాలే, నిజమైన నెయ్యి అని సాక్ష్యం చెప్పేవీ అవే.

ఆ సాక్ష్యం అవసరమైంది డాల్డా వల్ల. 1937లో ఆ పేరుతో వనస్పతి బజారులోకి దిగింది. సరుకుల నాణ్యతకు అగ్‌మార్క్ ముద్ర వేసే చట్టం వచ్చిందీ అదే ఏడు. వనస్పతిని నేతిలో కలిపితే పట్టుకోవడానికి, అందులో నూటికి ఐదు పాళ్లు నువ్వుల నూనె ఉండి తీరాలని తర్వాత ప్రభుత్వం నియమం పెట్టింది. ఆమ్లం, ఫర్‌ఫ్యురాల్ వేస్తే నువ్వుల నూనె ఎర్రబడుతుంది. తాత ఈ కల్తీ ముందు ఓడిపోయాడు. పాడైనదాన్ని పట్టడానికి తీర్చుకున్న ముక్కు అది. వాసనే లేనిదాన్ని ఎలా పడుతుంది? రెండుసార్లు మోసపోయాడు. ఆ తరవాత ఊరు తెలియనివాళ్ల దగ్గర నెయ్యి కొనడం మానేసి వెన్న ఒక్కటే కొన్నాడు.

మా ప్రాంతానికి ఇంకో చిక్కు కూడా వచ్చింది. మాది పత్తి నేల. బర్రెలకు సర్కీ, అంటే పత్తిగింజలు బాగా పెడతాం. సర్కీ తిన్న బర్రె వెన్న గట్టిగా ఉంటుంది, నిలవ కూడా ఎక్కువ. కానీ ఆ నెయ్యికి రైషర్ట్ సంఖ్య తక్కువ వస్తుంది. కల్తీ లేని నెయ్యి పరీక్షలో కల్తీలా కనిపిస్తుంది. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నియమాలు పత్తి పండే ప్రాంతాల నెయ్యికి వేరే కొలత పెట్టాయి. ఆ కొలత పెట్టినవాళ్లెవరో పశువు తినే మేత దాకా ఆలోచించారు, వాళ్లకు నా నమస్కారం.

ఆ తర్వాతి కథ పొడుగేమీ లేదు. పాల కేంద్రాలు వచ్చాయి. పొద్దున పోసిన పాలకు డబ్బు వస్తుంటే తోడు పెట్టేదెవరు? వెన్న పొట్లాంలో వచ్చింది, వయసు అట్ట మీద అచ్చు వేసుకుని. ఇప్పుడు మా వీధిలో ప్రతి ఇంట్లో ఫ్రిజ్‌లో మీగడ డబ్బా ఉంది. పదిహేను, ఇరవై రోజుల మీగడ. చల్లదనంలో వాసన ముక్కుకు అందదు, గడ్డకట్టినదాన్ని నాకి చూసినా నాలుక మొద్దుబారుతుంది. మూత సరిగా లేకపోతే పక్కన పెట్టిన వెల్లుల్లి వాసనంతా అది తాగేస్తుంది. అడిగినవాళ్లకు నేను ఒకటే చెబుతాను. బఠాణీ గింజంత తీసి మణికట్టు మీద పెట్టుకోండి, కరగనివ్వండి, రెండోసారి చూడండి.

ఒంటి బర్రె ఇళ్లలో ఒకామెను నేను మావ్శీ అని పిలిచేదాన్ని, మరాఠీలో పిన్ని. రెండు క్రోసుల నుంచి నడిచి వచ్చేది. ఒకసారి తాత ఆమె ముద్దను రెండోసారి వాసన చూసి ఆ మాట అన్నాడు. ఆమె ఏమీ అనలేదు, ఆకు మడిచి కుండలో పెట్టుకుంది. లోపలి నుంచి అవ్వ పిలిచింది. "బజారు దాకా ఉంచకు బాయీ. నాలుగో రోజుకే ఎంతుంటే అంత తెచ్చి నాకు ఇయ్యి. లెక్క నేను పెడతా." అప్పటి నుంచి మావ్శీ వెన్న వారంలో రెండుసార్లు దొడ్డిదారిన వచ్చేది. అవ్వకు రాత రాదు. వంటింటి గోడ మీద సున్నంతో గీతలు పెట్టేది, అచ్చేరుకు నిలువు గీత, పావుసేరుకు చుక్క. డబ్బు దీపావళికీ ఉగాదికీ. కోత లేదు. తాతకు తెలుసు, అడగలేదు.

1972లో వానలు పడలేదు. మరాఠ్వాడా అంతా ఎండిపోయింది. మేత లేక పశువులు వచ్చిన ధరకు పోయాయి, జనం ఎర్ర మిలో జొన్న తిని కరువు పనుల్లో రోడ్లకు కంకర కొట్టారు. మావ్శీ బర్రెను అమ్మేసి ఆ పనికి పోయింది. ఆమె వరుసలో ఏడు గీతలు, రెండు చుక్కలు మిగిలిపోయాయి. అవ్వ వాటి డబ్బు గుడ్డలో కట్టి పప్పు డబ్బాలో పెట్టింది. దీపావళి పోయింది, ఉగాది పోయింది. తర్వాతి వానలకు మావ్శీ తిరిగొచ్చి వాకిట్లో కూర్చుంది, చేతులు బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి. అవ్వ ముందు గిన్నెలో ఇంత నెయ్యి తెచ్చి ఆ చేతులకు రాసి, ఆ తరవాత గుడ్డ విప్పి లెక్కపెట్టింది.